39 రోజులకే పోస్టెకోగ్లూ ఔట్: తప్పు కోచ్‌దా, ఓనర్‌దా?

గన్నర్_గుంటూరు

నిన్న (2025 అక్టోబర్ 18) సాయంత్రం నాటింగ్‌హామ్ ఫారెస్ట్, చెల్సీ ఫుట్‌బాల్ మ్యాచ్ చూశారా? చెల్సీ రెండో గోల్ కొట్టిన కాసేపటికే ఫారెస్ట్ ఓనర్ మరినాకిస్ తన సీట్లోంచి లేచి వెళ్లిపోయాడు. 3-0తో మ్యాచ్ ముగిసింది. ఫైనల్ విజిల్ మోగిన 18 నిమిషాలకు క్లబ్ ప్రకటన వచ్చేసింది, కోచ్ పోస్టెకోగ్లూను తీసేశామని. మొత్తం 39 రోజులు, 8 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు కూడా లేదు. ఇంగ్లండ్ టాప్ డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ చరిత్రలో పర్మనెంట్ కోచ్ ఎవరూ ఇంత తక్కువ కాలం పనిచేయలేదు.

గెలవలేదు, తీసేశారు, ఇందులో చర్చకేముంది అంటారేమో. నాకు మండేది నిన్నటి నిర్ణయం గురించి కాదు, సెప్టెంబర్ 9 నాటి నిర్ణయం గురించి. ఆ రోజు తీసేసిన పాత కోచ్ నూనో గత సీజన్‌లో ఈ జట్టును ఏడో స్థానంలో నిలబెట్టాడు. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత ఫారెస్ట్‌ను యూరప్ పోటీలకు తీసుకెళ్లాడు. జూన్‌లో మూడేళ్ల కొత్త కాంట్రాక్ట్ కూడా ఇచ్చారు. కొత్త సీజన్‌లో మూడు లీగ్ మ్యాచ్‌లు అయ్యాయో లేదో, పైవాళ్లతో చెడి బయటికి వెళ్లాల్సి వచ్చింది.

సరే, తీసేశారు. ఆ సీట్లో ఎవర్ని కూర్చోబెట్టారు? నూనో జట్టు వెనక్కి తగ్గి, గోల్ ముందు గుంపుగా నిలబడి, బంతి దొరకగానే దూసుకెళ్లేది. పోస్టెకోగ్లూ డిఫెన్స్ మొత్తాన్ని సెంటర్ లైన్ దాకా పైకి జరిపి ఆడించే మనిషి. అవే కాళ్లు, అవే బుర్రలు, ప్రీ సీజన్ లేదు, వారానికి రెండు మ్యాచ్‌లు. ఇందులో ఆటంతా మార్చేయమన్నారు. ఆ మనిషిని ఎంచుకున్నది ఎవరు? ఉద్యోగం పోయింది ఎవరికి? ఇదే నా ప్రశ్న.

విశాఖ_బ్లూ

అన్నా, మీ ఆవేశం అర్థమైంది కానీ కోచ్ విషయంలో ఓపికే గొప్ప గుణం అన్నట్టున్న మీ వాదన నేను ఒప్పుకోను. మా చెల్సీనే చూడండి. రష్యన్ ధనవంతుడు అబ్రమోవిచ్ 2003లో క్లబ్‌ను కొన్నాడు. మొదటి ఏడాదే కోచ్ రనియేరి లీగ్‌లో రెండో స్థానం తెచ్చి, యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో సెమీస్ దాకా తీసుకెళ్తే పంపించేశాడు. మొరీన్యో వచ్చి వరసగా రెండు టైటిళ్లు కొట్టాడు. 2012 మార్చిలో విల్లాస్ బోయాస్‌ను తీసేశారు, మే నెలలో డి మాటియో మ్యూనిక్‌లో ఛాంపియన్స్ లీగ్ ఎత్తాడు. 2021 జనవరిలో మా పాత స్టార్ ఆటగాడు, అప్పటి కోచ్ లాంపార్డ్‌ను తీసేస్తే మేమంతా ఏడ్చాం. అదే ఏడాది మే 29న పోర్టోలో టుఖెల్ మళ్లీ అదే కప్పు తెచ్చాడు. ఓపిక పట్టుంటే ఈ రెండు కప్పులూ మాకు ఉండేవి కావు.

రెడ్_డెవిల్_రాజమండ్రి

మా మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ గురించి ఎవరో ఒకరు చెప్పాలి కదా, నేనే చెబుతాను. 1986 నవంబర్‌లో వచ్చాడు. మూడేళ్ల తర్వాత కూడా చేతిలో ఒక్క ట్రోఫీ లేదు. 1989 సెప్టెంబర్‌లో మాంచెస్టర్ సిటీ చేతిలో 5-1తో ఓటమి. ఇక చాలు వెళ్లిపో అని సొంత స్టేడియంలోనే బ్యానర్ కట్టారు. ఆ సీజన్ లీగ్‌లో 13వ స్థానం. బోర్డు ఆగింది, 1990లో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్ వచ్చింది, ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. 13 లీగ్ టైటిళ్లు.

అదే క్లబ్ 2013లో ఫెర్గూసన్ వెళ్లిపోయాక ఏం చేసింది? మోయిస్‌కు ఆరేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చి పది నెలలకే పంపించారు. వాన్ గాల్ శనివారం ఎఫ్ఏ కప్ గెలిచాడు, సోమవారం ఉద్యోగం పోయింది. టెన్ హాగ్‌ను 2024 జూలైలో కాంట్రాక్ట్ పొడిగించి అక్టోబర్‌లో తీసేశారు. నాలుగు నెలల్లోపే మనసు మారేట్టుంటే ఆ పొడిగింపు దేనికి?

నెంబర్_సిక్స్

ఫెర్గూసన్ ఉదాహరణతో నాకో ఇబ్బంది ఉంది. ఓపిక ఫలించిన కథ కాబట్టి అది మనకు గుర్తుంది. ఓపిక పట్టి మునిగిపోయిన క్లబ్బుల గురించి ఎవరూ చెప్పుకోరు. 2022-23లో లెస్టర్ యాజమాన్యం కోచ్ రోజర్స్‌ను ఏప్రిల్ దాకా ఉంచింది. తీసేసేసరికి 10 మ్యాచ్‌లే మిగిలాయి, జట్టు కింది డివిజన్‌కు దిగిపోయింది. ఇటు చూస్తే ఆస్టన్ విల్లా 2022 అక్టోబర్‌లో జెరార్డ్‌ను తీసేసి ఎమెరీని తెచ్చింది, 2024లో ఛాంపియన్స్ లీగ్‌కు వెళ్లింది. న్యూకాజిల్ 2021లో బ్రూస్‌ను పంపి ఎడీ హౌను తెచ్చుకుంది, 2025 మార్చిలో లీగ్ కప్ గెలిచింది. వాళ్లకు 70 ఏళ్లలో తొలి దేశవాళీ కప్పు అది.

కాబట్టి తీసేయడం తప్పా, ఒప్పా అని అడిగితే జవాబు దొరకదు. తీసేశాక ఎవర్ని తెచ్చారు, ఎందుకు తెచ్చారు అన్నది చూడాలి.

ఇంకోటి. నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా మ్యాచ్‌లను బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త పరిశీలించాడు. వరసగా ఓడిపోతూ కోచ్‌ను మార్చిన జట్లు, అలాగే ఓడిపోతూ మార్చని జట్లు, రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. మార్చినవాళ్లూ కోలుకున్నారు, మార్చనివాళ్లూ ఇంచుమించు అంతే కోలుకున్నారు. ఎవరైనా అడుగున ఉన్నప్పుడే కోచ్‌ను మారుస్తారు. అక్కడి నుంచి జట్టు ఎలాగూ కొంత పైకి వస్తుంది. ఆ క్రెడిట్ కొత్తాయన ఖాతాలో పడుతుంది.

లెస్టర్_లక్ష్మి

మా ఊరి పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నేను ఉండేది లెస్టర్‌లోనే. రోజర్స్ విషయంలో ఆలస్యం జరిగిందన్నది నిజమే. కానీ రనియేరి సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

5000కు 1 పందెం ఉన్న జట్టుతో 2016లో లీగ్ గెలిపించాడు. 2017 ఫిబ్రవరి 22న ఛాంపియన్స్ లీగ్‌లో స్పెయిన్ జట్టు సెవియ్యా చేతిలో 2-1తో ఓడి వచ్చాడు, మర్నాడే తీసేశారు. ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్ (అవే గోల్) ఉంది కాబట్టి మా ఊళ్లో జరిగే రెండో మ్యాచ్‌పై ఆశ ఉన్న స్కోరు అది. అప్పటికి లీగ్‌లో రెలిగేషన్ జోన్‌కు (కింది డివిజన్‌కు దింపే చివరి మూడు స్థానాలకు) ఒక్క పాయింట్ పైన ఉన్నామన్నది, ఆ ఏడాది మొదలయ్యాక లీగ్‌లో ఒక్క గోల్ కూడా కొట్టలేదన్నది వాస్తవం. మర్నాడు మొరీన్యో ప్రెస్ మీట్‌కు చొక్కా మీద సి.ఆర్. (క్లాడియో రనియేరి) అన్న అక్షరాలు వేసుకుని వచ్చాడు. రనియేరిని ఒకప్పుడు తనే బాగా ఎగతాళి చేసిన మనిషి.

ఆ తర్వాత కోచ్‌గా క్రెయిగ్ షేక్స్పియర్ వచ్చాడు, వరసగా ఐదు లీగ్ మ్యాచ్‌లు గెలిచాం, సెవియ్యాను కూడా ఇంటికి పంపాం, 12వ స్థానంలో ముగించాం. చూశారా, తీసేయడమే కరెక్ట్ అన్నారు అందరూ. కానీ కాంటే సంగతి ఎవరూ ఎత్తరు. టైటిల్ గెలిచిన జట్టుకు ఊపిరి కాంటే. ఆ వేసవిలో చెల్సీకి వెళ్లిపోయాడు, మరుసటి ఏడాది అక్కడ కూడా లీగ్ గెలిచాడు. అతని స్థానం భర్తీ చేయడం ఒక్క కోచ్ పనేనా? ఆ లోటుకు మూల్యం రనియేరి ఒక్కడే కట్టాడు.

షేక్స్పియర్‌కు జూన్‌లో మూడేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. అక్టోబర్‌లో ఆయన్నీ తీసేశారు.

విశాఖ_బ్లూ

లక్ష్మి గారూ, కాంటే విషయం ఒప్పుకుంటాను. కానీ ఇది ఫుట్‌బాల్, ఫలితం రావాలి. ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోతే టీవీ డబ్బే వందల కోట్ల రూపాయలు పోతాయి. వంద మంది ఉద్యోగాలు పోతాయి. ఆ టెన్షన్‌లో ఉన్న ఓనర్‌ను నిలకడ చూపించు, చరిత్ర చదువు అంటే వింటాడా?

వాట్‌ఫోర్డ్ సంగతి చూడండి. 2014-15 ఒక్క సీజన్‌లో నలుగురు కోచ్‌లు, అందులో మెకిన్లీ ఉన్నది 8 రోజులు. అయినా ప్రమోషన్ కొట్టారు. ఆ తర్వాత కోచ్‌లను మారుస్తూనే ఐదు సీజన్లు పై లీగ్‌లో ఉన్నారు.

గన్నర్_గుంటూరు

వాట్‌ఫోర్డ్ కథ అక్కడ ఆపేస్తే ఎలా బ్రో? 2019లో గ్రేసియా వాళ్లను ఎఫ్ఏ కప్ ఫైనల్‌కు తీసుకెళ్లాడు. సెప్టెంబర్‌లో తీసేశారు. ఫ్లోరెస్‌ను తెచ్చారు, డిసెంబర్‌లో తీసేశారు. పియర్సన్ వచ్చి అడుగు నుంచి 17వ స్థానానికి లాక్కొచ్చాడు, అంటే రెలిగేషన్ జోన్ బయటికి. రెండు మ్యాచ్‌లు మిగిలి ఉండగా ఆయన్నీ తీసేశారు! ఆ రెండూ ఓడిపోయి దిగిపోయారు. 2022లో ఏం జరిగినా రాబ్ ఎడ్వర్డ్స్ వెంటే ఉంటామని క్లబ్ పెద్దలు బహిరంగంగా మాటిచ్చారు. లీగ్‌లో పది మ్యాచ్‌లకే పంపించారు. మధ్యలో ఒకసారి పైకొచ్చినా, 2022లో మళ్లీ దిగినవాళ్లు ఇప్పటికీ రెండో డివిజన్‌లోనే ఉన్నారు.

ఇక చెల్సీ దగ్గరకొస్తాను. నువ్వు చెప్పిన ఆ కప్పులు కోచ్‌లను తీసేయడం వల్ల వచ్చాయా? 2008 మాస్కో ఫైనల్, 2012 మ్యూనిక్ ఫైనల్, రెండింటి లైనప్‌లు తీసి చూడు. చెక్, యాష్లీ కోల్, లాంపార్డ్, ద్రోగ్బా రెండింట్లోనూ మొదటి నిమిషం నుంచి ఆడారు. టెర్రీ సస్పెన్షన్ వల్ల మ్యూనిక్‌లో ఆడలేదు, లేకుంటే ఐదుగురయ్యేవాళ్లు. ఆ నాలుగేళ్లలో స్కొలారి, హిడింక్, అంచెలోట్టి, విల్లాస్ బోయాస్ వచ్చి వెళ్లారు. కోచ్‌లు మారుతున్నా డ్రెస్సింగ్ రూమ్ వెన్నెముక కదల్లేదు. మీ దగ్గర ఓపిక ఉంది, కాకపోతే అది ఆటగాళ్ల మీద ఉంది.

ఇప్పుడు 2022 తర్వాత చూడు. కొత్త ఓనర్లు సెప్టెంబర్‌లో టుఖెల్‌ను తీసేశారు, ఏప్రిల్‌లో పాటర్‌ను తీసేశారు, లాంపార్డ్‌ను మళ్లీ పిలిచారు. అదే సీజన్‌లో 50 కోట్ల పౌండ్లకు మించి పోసి కొత్త ఆటగాళ్లను దించారు. కోచ్ కొత్త, జట్టు కొత్త. ఫలితం 12వ స్థానం, 44 పాయింట్లు.

విశాఖ_బ్లూ

2008, 2012 లైనప్ పాయింట్ బాగుంది, దాని మీద ఆలోచించాలి. కానీ 2021లో టెర్రీ, ద్రోగ్బా ఎవరూ లేరు కదా? లాంపార్డ్ జట్టునే తీసుకుని టుఖెల్ ముగ్గురు డిఫెండర్ల పద్ధతికి మార్చాడు, గోల్స్ ఇవ్వడం ఆగిపోయింది, నాలుగు నెలల్లో కప్పు వచ్చింది. అది కచ్చితంగా కోచ్ మార్పే.

ఒక విషయంలో మాత్రం మా క్లబ్‌ను సమర్థించను. 2010లో అంచెలోట్టి లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ తెచ్చాడు, ఒకే లీగ్ సీజన్‌లో 103 గోల్స్. మరుసటి ఏడాది రెండో స్థానం. చివరి మ్యాచ్ గూడిసన్ పార్క్‌లో ఎవర్టన్ మీద, 1-0తో ఓడిపోయాం. ప్రెస్ మీట్ ముగించుకుని వస్తున్న మనిషికి స్టేడియం కారిడార్‌లోనే నీ పని అయిపోయిందని చెప్పారు. ఇంటికి తిరిగొచ్చేదాకా ఆగలేదు. ఆట తెలిసినవాళ్లు చేసే పని కాదది.

కడప_కాల్చియో

మీరంతా ఇంగ్లండ్ చుట్టూనే తిరుగుతున్నారు. ఇటలీకి రండి, ఈ జబ్బు అక్కడ ముదిరింది.

పలెర్మో ఓనర్ జంపరీని. 2012-13 సీజన్ వరస చెబుతాను. సన్నీనోతో మొదలుపెట్టాడు. మూడు మ్యాచ్‌లకే తీసేసి గాస్పెరీనిని తెచ్చాడు. ఫిబ్రవరిలో గాస్పెరీనిని తీసేసి మలెసానిని తెచ్చాడు. కొద్ది వారాల్లోనే మలెసానిని తీసేసి మళ్లీ గాస్పెరీనిని పిలిచాడు. మార్చిలో గాస్పెరీనిని రెండోసారి తీసేసి మళ్లీ సన్నీనోను పిలిచాడు. పలెర్మో రెలిగేట్ అయింది. అక్కడ తీసేసిన కోచ్‌కు కాంట్రాక్ట్ ఉన్నన్నాళ్లు జీతం ఇస్తూనే ఉండాలి, అందుకే కొత్తవాడి కోసం ఖర్చు పెట్టే బదులు పాతవాడినే వెనక్కి పిలవడం మామూలే. ఆ సన్నీనోయే 2014లో వాట్‌ఫోర్డ్‌లో నలుగురిలో మొదటివాడు, గమనించండి.

ఇప్పుడు అసలు విషయం. ఒకే సీజన్‌లో రెండుసార్లు ఉద్యోగం పోగొట్టుకున్న ఆ గాస్పెరీనిని అంతకుముందు 2011లో ఇంటర్ మిలాన్ కూడా ఐదు మ్యాచ్‌లకే పంపింది. 2016లో అటలాంటాకు వెళ్లాడు. మొదటి ఐదు లీగ్ మ్యాచ్‌లలో నాలుగు ఓడిపోయాడు. అటలాంటా ఊరు బెర్గామోలో అందరూ ఇక ఇతని పని అయిపోయిందనే అనుకున్నారు. కానీ ప్రెసిడెంట్ పెర్కాసీ తీసేయలేదు. ఆ తర్వాతి మ్యాచ్‌లలో గాస్పెరీని అకాడమీ కుర్రాళ్లను ధైర్యంగా దించాడు, ఆ సీజన్ నాలుగో స్థానంలో ముగించారు. తొమ్మిదేళ్లు ఉన్నాడు. 2024లో యూరోపా లీగ్ ఫైనల్లో, ఆ సీజన్ అంతా ఓటమి ఎరగని జర్మనీ జట్టు లెవర్కుసెన్‌ను 3-0తో ఓడించాడు.

మనిషి ఒక్కడే. అతని ఆట పద్ధతి కూడా ఎక్కడికెళ్లినా అదే, వెనక ముగ్గురు, మైదానమంతా మనిషికి మనిషి కాపలా. పలెర్మోలో పనికిరానివాడు బెర్గామోలో చరిత్ర రాశాడంటే తేడా ఓనర్ దగ్గర ఉంది. పెర్కాసీ తనూ ఒకప్పుడు అటలాంటాకు ఆడినవాడు, గెలుపుకు ఎంత టైమ్ పడుతుందో ఒంటికి తెలిసినవాడు. పలెర్మో క్లబ్ 2019లో దివాలా తీసి నాలుగో అంచె లీగ్ నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

రెడ్_డెవిల్_రాజమండ్రి

గాస్పెరీని కథ ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు, థాంక్స్ అన్నా. నేను డబ్బు లెక్క ఒకటి వేస్తాను. మొరీన్యోను, ఆయన స్టాఫ్‌ను పంపడానికి మా క్లబ్ పెట్టిన ఖర్చు 1.96 కోట్ల పౌండ్లు. చెల్సీ తన కోచ్ కోంటే విషయంలో 2.66 కోట్ల పౌండ్లు. టెన్ హాగ్‌కు 1.04 కోట్లు. ఇవన్నీ క్లబ్బుల సొంత ఖాతాల్లో ఉన్నవే. ఈ సొమ్ముతో ఒక మంచి ఫుల్‌బ్యాక్ వస్తాడు. మరో పక్క మా క్లబ్ పొదుపు పేరుతో వందల మంది మామూలు ఉద్యోగులను ఇంటికి పంపింది. టికెట్ ధరలు పెంచింది. కోచ్‌ను తప్పుగా ఎంచుకున్నది పైవాళ్లు, బిల్లు కట్టింది క్యాంటీన్‌లో పనిచేసేవాళ్లు. ఇది నాకు మింగుడు పడదు.

త్రోఇన్_తెనాలి

ఓనర్లందరూ ఒకేలా ఉండరు కదా. గన్నర్ అన్నా, మీ క్లబ్ ఆర్సెనల్‌లో కోచ్ అర్టెటా సంగతి చెప్పలేదేంటి?

గన్నర్_గుంటూరు

సొంత డప్పు అంటారేమోనని ఆగాను. 2019 డిసెంబర్‌లో వచ్చాడు. వరసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానం. 2021-22 మొదటి మూడు మ్యాచ్‌లూ ఓటమే, టేబుల్ అడుగున ఉన్నాం. ఆ రోజుల్లో మా గ్రూపుల్లో అర్టెటాను తిట్టని పోస్ట్ లేదు. ఓనర్లు నిలబడ్డారు. తర్వాత వరసగా మూడుసార్లు రెండో స్థానం. ఆ మూడుసార్లూ టైటిల్ చేజారింది, అది వేరే బాధ. కానీ వాళ్లు ఊరికే చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆటగాళ్లను కోచ్ పద్ధతికి సరిపడేలా కొన్నారు, సరిపడని పెద్ద పేర్లను నష్టానికైనా వదిలించుకున్నారు. అంటే ఓపికకు పని తోడైంది.

నెంబర్_సిక్స్

దీనికి దగ్గరగా సౌతాంప్టన్ ఉంది. 2019 అక్టోబర్ 25న సొంత గడ్డ మీద లెస్టర్ చేతిలో 9-0. అంతకంటే పరువు పోయే రోజు ఏ కోచ్‌కూ ఉండదు. కోచ్ హాసెన్‌హుట్ల్‌ను ఉంచారు, ఆ సీజన్ 11వ స్థానం. 2022లో యాజమాన్యం మారింది, నవంబర్‌లో ఆయన్ని తీసేసి నేథన్ జోన్స్‌ను తెచ్చారు, మూడు నెలలకే అతన్నీ తీసేశారు, చిట్టచివరి స్థానంతో దిగిపోయారు.

ఫారెస్ట్‌కు ఇప్పుడు షాన్ డైచ్ పేరు గట్టిగా వినిపిస్తోంది. బర్న్‌లీలో దాదాపు పదేళ్లు చేసినవాడు, గట్టి డిఫెన్స్, బంతిని ఎక్కువసేపు దగ్గర ఉంచుకోని ఆట. నిజంగా అతన్నే తెస్తే, సెప్టెంబర్‌లో నూనోతో పాటు వదిలేసిన ఆటకే అక్టోబర్‌లో తిరిగి వెళ్తున్నట్టు. మధ్యలో పోయిన పాయింట్లు ఎవరిస్తారు?

పాతబస్తీ_వింగర్

మన దగ్గరి ముచ్చట ఒకటి చెప్పాలె. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో మొదటి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్ ఆడింది. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను జనవరిలో తీసేశారు, ఆఖరి స్థానంలో ముగించాం. అప్పుడు తీసేయడం తప్పని నేను అనను. తర్వాత మనోలో మార్కెజ్ వచ్చాడు. మొదటి ఏడాది ఐదో స్థానం, ప్లేఆఫ్ కొద్దిలో తప్పింది. ఎవరూ తొందరపడలేదు. ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద ఫైనల్, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కప్పు మనది.

అయితే కోచ్ విషయంలో ఓపికున్న క్లబ్ కూడా ఎట్లా పోతదో కూడా మనమే చూశాం. జీతాలు ఆగినయ్, ఫిఫా నిషేధం పడ్డది, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24 మొత్తంలో గెలిచింది ఒక్క మ్యాచ్. ఇప్పుడు ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది, గచ్చిబౌలిలో చూడటానికి ఐఎస్ఎల్ లేదు. కోచ్‌ను ఎన్నిసార్లు మార్చారని లెక్క పెట్టేముందు ఒకటో తారీఖు జీతం పడిందా అని అడగాలి.

ఇదే ఊళ్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ చనిపోయేదాకా కోచ్‌గా ఉన్నారు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు. దేశం జట్టు కూడా 1951 నుంచి 1962 దాకా ఆయన చేతుల్లోనే ఎదిగింది, రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. అదీ మన దగ్గరే జరిగింది.

లెస్టర్_లక్ష్మి

వింగర్ గారూ, జీతాల మాట నిజం. రహీం గారి రోవర్స్ కప్‌ల సంగతి మా పిల్లలకు చదివి వినిపించాను.

త్రోఇన్_తెనాలి

ఒక డౌట్. ఏడాదికి ఇన్నిసార్లే కోచ్‌ను మార్చాలని రూల్ పెట్టొచ్చు కదా? ఎక్కడైనా ఉందా?

కడప_కాల్చియో

బ్రెజిల్‌లో పెట్టారు. 2021లో మొదటి డివిజన్ క్లబ్బులే ఓటేసి ఒప్పుకున్నాయి. సీజన్‌లో ఒక్క కోచ్‌నే తీసేయొచ్చు. రెండోసారి తీసేస్తే బయటివాళ్లను తేకూడదు, క్లబ్‌లో అప్పటికే పనిచేస్తున్నవాళ్లకే ఇవ్వాలి. క్లబ్బులు ఏం చేశాయంటే, తీసేశాం అనడం మానేసి పరస్పర అంగీకారంతో విడిపోయాం అని రాయించుకున్నాయి. పరిహారం కావాల్సిన కోచ్ సంతకం పెట్టక ఏం చేస్తాడు? 2022లో ఆ నిబంధన ఎత్తేశారు.

గన్నర్_గుంటూరు

రూల్‌తో ఆగదన్నమాట. నేనైతే ఒకటి అడుగుతాను. కోచ్‌ను తీసేసిన రోజు క్లబ్ ఇచ్చే ప్రకటనలో అతన్ని ఎంపిక చేసింది ఎవరో పేరుతో సహా రాయాలి, పరిహారం ఎంతో అప్పుడే చెప్పాలి, ఏడాది తర్వాత ఖాతాల్లో ఏదో మూల చూపించడం కాదు. అభిమానుల సంఘాలు ఇంగ్లండ్‌లో ఇప్పుడు క్లబ్ బోర్డులతో కూర్చుంటున్నాయి కాబట్టి అక్కడ ఈ మాట లేవనెత్తొచ్చు. లక్ష్మి గారూ, లెస్టర్‌లో అలాంటి సమావేశాలకు మామూలు సీజన్ టికెట్ వాళ్లను రానిస్తారా?

లెస్టర్_లక్ష్మి

సంఘం ప్రతినిధులే కూర్చుంటారు, ప్రశ్నలు మనం ముందుగా పంపొచ్చు. మీ రెండు ప్రశ్నలూ ఇంగ్లిష్‌లో రాసి పంపుతాను. జవాబు వస్తే ఇక్కడే పెడతాను.